దిద్దుబాటు పట్టిక

సరుకు మంచిదో కాదో అంగట్లో తెలియదు, కొన్నవాడి ఇంటికి పోయాక తెలుస్తుంది. అందుకే ఆ గురువారం ఉదయం తెర మీద చివరి వరుస పచ్చగా వచ్చి ఆగినా, అంబిక మొహంలో సంతోషం కనిపించలేదు.

"అయిపోయినట్టేగా అమ్మా?" అన్నాడు వెనక నిలబడ్డ రామమోహనరావు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం మీది రెండో అంతస్తులో ఉన్న ఈ టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆయనది. ఎల్బీనగర్‌లో, వనస్థలిపురంలో, సైదాబాద్‌లో ఇంకో మూడు బ్రాంచీలున్నాయి.

"అయింది సార్. కానీ ఈ కంప్యూటర్ల అయింది."

"ఎక్కడైతే ఏంటి? కంప్యూటర్ కంప్యూటరేగా."

"ఇది మన ఇంట్ల వండినట్టు సార్. ఉప్పు యాడుందో, పోపుడబ్బా యాడుందో చెయ్యికి తెలుసు. ఫంక్షన్‌హాల్ల వండి చూడాలె. చీటీల రాసింది తప్ప అక్కడ ఏదీ ఉండదు."

రామమోహనరావు నవ్వాడు. "మా కంప్యూటర్లు చూసుకునే చైతన్య కూడా ఇదే చెప్పాడులే. వాడు వంట సంగతి ఎత్తలేదు గానీ."

విద్యార్థి టైపు చేసిన పేజీని తనే దిద్ది, తప్పులు తేల్చి, మార్కులు వేసే ప్రోగ్రాం అది. రాసింది వంశీకృష్ణ. ఇప్పుడతను బెంగళూరులో వేరే ఉద్యోగంలో ఉన్నాడు. నాలుగు బ్రాంచీల్లో నూటనలభై కంప్యూటర్లున్నాయి, అన్నీ డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేవే. వాటన్నిటిలో ఒక్క ఆదేశంతో ఎక్కేలా, మళ్లీ ఒక్క ఆదేశంతో కొత్తదయ్యేలా ఆ ప్రోగ్రాంను ప్యాకేజీగా కట్టడం అంబిక పని. సోమవారం పదకొండింటికి ఎల్బీనగర్ బ్రాంచిలో చైతన్య ఏమీ లేని యంత్రం తెచ్చి, ప్రోగ్రాం మూలం నుంచి ప్యాకేజీని మళ్లీ కట్టి చూస్తాడు. నిలబడితే మూడేళ్ల మరమ్మతు కాంట్రాక్టు అంబికకే. నిలబడకపోతే వేరేవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

మూడేళ్ల మరమ్మతు అంటే అంబికకు కొత్తపేటలో తను కూర్చుని పనిచేసుకునే షట్టర్ కొట్టు. అది తండ్రి పాండురంగానిది. మొబైల్ కవర్లు అమ్మేవాడొకడు దాన్ని కిరాయికి అడుగుతున్నాడు. "నెలాఖరు దాక చూస్త బిడ్డా, తర్వాత నువ్వు టెంట్‌హౌస్ గల్లాల కూసో" అని తండ్రి తేల్చి చెప్పాడు. ఆయన మాట ఇచ్చినా, గడువు పెట్టినా ఒక్కటే. కొసరు ఉండదు.

"జరగండమ్మా" అంటూ ఇద్దరు మనుషులు ఒక బల్ల ఎత్తుకొచ్చారు. గోడ వారన ఇన్వర్టర్ లైను కింద ఉండే బల్ల అది, దాని మీది కంప్యూటర్ పొద్దునే అంబిక ముందుకు వచ్చింది. దాన్ని మెట్ల పక్క మూలకు తీసుకుపోతున్నారు. బల్ల కదిలినా దాని వెనక కుర్చీ మాత్రం కదలలేదు. అందులో యాభై ఎనిమిదేళ్ల సుమిత్రమ్మ ఒళ్లో అట్ట పెట్టుకుని కాగితాలు దిద్దుతూనే ఉంది. తప్పు కనపడ్డ చోట ఎర్ర పెన్ను వెంటనే పెట్టదు. ముందు ఎడమచేతి వేళ్లతో ఆ మాటను అట్ట మీద టైపు చేసినట్టు ఆడిస్తుంది. ఏ వేలు దారి తప్పిందో తన వేలికి తెలిశాక అప్పుడు గీత గీస్తుంది.

"ఏయ్ లావణ్యా" అని పిలిచిందామె తలెత్తకుండానే. "ఉంగరం ఏలు ఎనకబడ్తుంది నీది. కొత్త ఉంగరమా?"

మూడో వరుసలో అమ్మాయి సిగ్గుపడి ఉంగరం తీసి పర్సులో వేసుకుంది.

"ఒకటో తారీఖు నుంచి ఆవిడ రారు" అన్నాడు రామమోహనరావు గొంతు తగ్గించి. "మిషనే దిద్దుతుంటే మనిషెందుకు చెప్పు? పందొమ్మిదేళ్లు చేశారు. శాలువా కప్పి పంపిద్దామనుకుంటున్నా."

తన ప్యాకేజీ ఎక్కే ప్రతి కంప్యూటరూ ఆ కుర్చీని ఒక అంగుళం వెనక్కి నెడుతుందని అంబికకు అర్థమైంది. అర్థమైతే మాత్రం ఏం లాభం? ట్రాక్టర్ అమ్మేవాడు ఎడ్లకు జవాబు చెప్పడు. ఎందుకైనా మంచిదని ఆ కంప్యూటర్‌లో ఉన్నదంతా హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకుని, సంచి సర్దుకుని కిందికి దిగింది. దిగేటప్పుడు మెట్ల పక్కకు చూడలేదు.

*

శుక్రవారం పొద్దున షట్టర్ ఎత్తి, ముందు ఖాళీ గది కట్టడం మొదలుపెట్టింది.

కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ లాంటిది అది. డెబియన్ భాండారం నుంచి కనీసపు సరంజామా దింపుకుని, మూటగట్టి పక్కన పెట్టాలి. ప్యాకేజీ కట్టాల్సిన ప్రతిసారీ మూట విప్పితే కొత్త గది లేస్తుంది. పని కాగానే గది కూలిపోతుంది. మళ్లీ విప్పితే మళ్లీ కొత్తదే, పాత వాడకం మరక ఒక్కటీ ఉండదు. కావలసిన సామానంతా ముందే చీటీలో రాసివ్వాలి. రాసింది తెచ్చిపెడుతుంది. రాయనిది నీ పక్క టేబుల్ మీదే ఉన్నా ముట్టుకోనివ్వదు.

సగం దిగాక ఇంటర్నెట్ పోయింది. సందు మొదట్లో రోడ్డు తవ్వేవాళ్లు కేబుల్ తెంపారు. ఫోన్‌కు తగిలించి మిగతా సగం దింపింది. మూట కట్టేసరికి పదకొండైంది.

మొదటిసారి ప్యాకేజీని లోపలికి పంపితే అర నిమిషంలో తిరిగొచ్చింది. ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే పనిముట్టే చీటీలో లేదు. రాసింది. రెండోసారి తెలుగు ఫాంట్ లేదంది. రాసింది. మూడోసారి, ఒత్తులూ గుణింతాలూ కలిపి అక్షరాన్ని మలిచే లైబ్రరీ లేదంది. తప్పుల జాబితా పేజీలకు పేజీలు జారిపోతుంటే అంబిక చివరి తప్పు చూడదు. వేలు పెట్టి వెనక్కి జరుపుకుంటూ మొదటి తప్పు దగ్గరికి పోతుంది. మొదటిది తల్లి, మిగతావన్నీ దాని పిల్లలు. తల్లిని పడితే పిల్లలు వాటంతటవే పోతాయి.

మధ్యాహ్నం పాండురంగం పక్క షట్టర్ నుంచి రెండు చాయ్ గ్లాసులు పట్టుకొచ్చాడు.

"పొద్దటిసంది ఏం కూలగొడుతున్నవ్ బిడ్డా?"

"కడుతున్న బాపు. కట్టి కూలగొడుతున్న."

"మా షామియానా లెక్కనే ఉంది నీ పని. ఏస్తం, తీస్తం." ఆయన చాయ్ ఊదుకున్నాడు. "గా మొబైల్ కవర్లాయన మల్ల ఒచ్చిండు. అడ్వాన్స్ చేతిల పట్టుకొని ఒచ్చిండు."

"సోమవారం దాక ఆగమను."

"ఆగమన్న. సోమవారం అంటే సోమవారమే." గ్లాసులు తీసుకుని పోయాడు.

ఏడోసారి ప్యాకేజీ చాలా దూరం పోయింది. అంబిక కుర్చీలో ముందుకు జరిగింది. చివరి మెట్టు మీద ఆగిపోయింది. ఈసారి ఒక్కటే తప్పు. హోమ్ అనే చోట, సుమిత్ర అనే అరలో, దిద్దుబాటు అనే ఫైలు దొరకలేదట.

ఆమె ఆ వరుసను రెండుసార్లు చదివింది. నిన్న అంత సులువుగా ఎందుకు కట్టిందో ఇప్పుడు తెలిసింది. నిన్నటి కంప్యూటర్ సుమిత్రమ్మది. ఆ ఫైలు ఆమె అరలో ఉంది కాబట్టి, అడగకుండానే చెయ్యి పోయి తీసుకుంది.

హార్డ్‌డిస్క్‌లో ఫైలు దొరికింది. తెరిచింది. మూడువేల నూటనలభై వరుసలు. ఏ తప్పుకు పూర్తి కోత, ఏ తప్పుకు సగం, దేన్ని వదిలెయ్యాలి అన్న పట్టిక అది. ప్రతి వరుస చివరా ఒక ముక్క ఉంది. 'చిటికెన వేలు అందక పడేది. సగం.' 'ఎడమచేతి వాటం పిల్లలకు మొదటి నెల. చూసీచూడనట్టు.' 'భయానికి పడేది, తెలియక కాదు. పరీక్షలో మాత్రం పూర్తి కోత.' ప్రోగ్రాం దిద్దుతోందని రామమోహనరావు అంటున్నాడు. ఏది తప్పో, ఎంత తప్పో చెబుతున్నది మాత్రం ఈ పట్టికే.

ఫైలును మూలంలో కలిపి మళ్లీ పంపింది. ఖాళీ గదిలో ప్యాకేజీ నిలబడింది. సాయంత్రం ఐదైంది. ఆర్డర్ చేతిలో పడ్డట్టే. ఒక్క కాగితం మిగిలింది. ప్యాకేజీలో ఉన్న ప్రతి ముక్కా ఎవరు చేశారు, ఏ షరతు మీద ఇచ్చారు అని రాసే హక్కుల పత్రం. అది లేకుండా చైతన్య తీసుకోడు. వంశీకృష్ణ రాసినదానికి వంశీకృష్ణ పేరు రాసింది. పట్టిక దగ్గర చెయ్యి ఆగింది.

రామమోహనరావుకు ఫోన్ చేసింది.

"ఇన్‌స్టిట్యూట్ పేరు రాసెయ్యమ్మా" అన్నాడాయన. "మా కంప్యూటర్‌లో ఉంది, మా దగ్గర జీతం తీసుకుంటూ చేసింది. ఇందులో అనుమానమేముంది?"

మాట తూకానికి సరిగ్గానే ఉంది. అంబిక కూడా ఒప్పుకునేదే. కానీ పట్టికలో మొదటి వరుసల పక్కన ఉన్న సంవత్సరాలు ఆ కంప్యూటర్ కంటే పాతవి. ఒకసారి వంశీకృష్ణను అడిగితే పోయేదేముంది అనుకుంది.

"అది మేడమ్‌గారు ఇంటి దగ్గర చేసుకున్నదండీ" అన్నాడు వంశీకృష్ణ. "పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చారు, దిద్దడానికి సాయంగా ఉంటుందని. ఆవిడ మిషనొక్కటే ఇన్వర్టర్ మీద ఉండేది, కరెంటు పోయినా పని ఆగదని నేను అక్కడే కూర్చుని కట్టేవాణ్ణి. ఆ దారే ప్రోగ్రాంలో ఉండిపోయింది."

"పేరెందుకు పెట్టలేదు?"

"అడిగానండీ. సార్ తర్వాత చూద్దాం అన్నారు. తర్వాత నేను మానేశాను."

అంబిక ఫోన్ పెట్టేసి లెక్క చూసుకుంది. తెలియక కొన్న దొంగసరుకుకు సగం తప్పు. తెలిసి కొంటే తప్పంతా తనదే. పైగా ఆ పత్రం మీద రాత రామమోహనరావుది కాదు, తనది. రేపు ఎప్పుడైనా ఎవరైనా అడిగితే ఆయన 'ఆ అమ్మాయే రాసింది' అంటాడు. ఆయన స్థానంలో ఉంటే తనూ అదే అంటుంది.

*

శనివారం పది గంటలకు సైదాబాద్‌లో సుమిత్రమ్మ ఇంటి మెట్లెక్కింది. మీది వాటాలో రెండు గదులు. కిటికీ దగ్గర బల్ల, దాని మీద పాత కంప్యూటర్, పక్కన అట్టలు వేసిన నోటుబుక్కులు. సుమిత్రమ్మ చేటలో మెంతికూర పరుచుకుని ఆకు తుంపుతోంది. చూడకుండానే తుంపుతోంది.

"శాలువా ఏ రంగుదో అడగనీకి పంపిండా సార్?"

"లేదు మేడం. నా పని మీద ఒచ్చిన." అంబిక ఉన్నదున్నట్టు చెప్పింది. ఖాళీ గది, ఏడోసారి ఆగిన తప్పు, పట్టిక, హక్కుల పత్రం, రామమోహనరావు రాయమన్న పేరు.

సుమిత్రమ్మ చేట పక్కన పెట్టింది. "నేనే ఇచ్చిన. దొంగతనం అననీకి లేదు. దిద్దేది నేనే గద, నా చేతికి బరువు తగ్గుతదని ఇచ్చిన. నా చెయ్యే అక్కరలేదంటరని ఎవలనుకున్నరు?" చేతులు తుడుచుకుంది. "నువ్ ఒచ్చింది నా కోసమా, నీ ఆర్డర్ కోసమా?"

"ఆర్డర్ కోసం. మీ పేరు దాని ఎనక."

"ఆ మాట మంచిగుంది. ముందు నా కోసం అంటే చాయ్ పోసి పంపుదు." ఆమె కుర్చీ లాక్కుంది. "ఏదీ, నా ఫైలు లేకుంటే ఆగిపోతదంటివి. చూపెట్టు."

అంబిక ల్యాప్‌టాప్ తెరిచి, పట్టిక తీసేసి ప్యాకేజీని గదిలోకి పంపింది. వరుసలు జారాయి, ఆగాయి. హోమ్, సుమిత్ర, దిద్దుబాటు. దొరకలేదు. సుమిత్రమ్మ కళ్లజోడు సరిచేసుకుని చదువుకుంది.

"ఇంకోపాలి నడుపు."

మళ్లీ నడిపింది. మళ్లీ ఆగింది.

"పందొమ్మిదేండ్ల సంది గా ఇన్‌స్టిట్యూట్ల నా పేరు రాసిన కాగితం హాజరు పట్టీ ఒక్కటే" అంది సుమిత్రమ్మ. మొహంలో నవ్వు లేదు గానీ గొంతులో ఉంది. "ఇప్పుడు పట్టిక కలిపి నడుపు."

ఈసారి గదిలో ప్యాకేజీ నిలబడింది. మూడో వరుస లావణ్య టైపు చేసిన పేజీ ఒకటి అంబిక దగ్గర పరీక్షకని ఉంది. దాన్ని దిద్దించింది. పదకొండు తప్పులు అంది యంత్రం.

"తప్పు" అంది సుమిత్రమ్మ.

"అవును మేడం, పదకొండు తప్పులు."

"పిల్లది కాదు, నీ మిషన్‌ది. నాలుగే ఉండాలె. నా దగ్గర ఒంశి తీసుకున్నది మూడేండ్ల కిందటిది. ఆ తర్వాత పరీక్ష బోర్డోళ్లు దిద్దే పద్ధతి మార్చిన్రు. ఒత్తు దిగజారితే అప్పుడు పూర్తి కోత, ఇప్పుడు సగం గూడ లేదు. గసుంటివి రెండువందల పన్నెండున్నయ్." ఆమె బల్ల మీది నోటుబుక్కుల్లో పైదాన్ని తీసింది. "గిండ్ల ఉన్నయ్. కంప్యూటర్ల ఎక్కియ్యలె. ఎక్కియ్యమని ఎవలూ అడగలె."

అంబిక నోటుబుక్కు పేజీలు తిప్పింది. తన చేతిలో ఉన్నది నడిచే సరుకే, కానీ కాలం చెల్లిన సరుకు. సోమవారం చైతన్య ముందు నిలబడుతుంది. నెల తిరిగేసరికి నాలుగు బ్రాంచీల పిల్లలకు తప్పుడు దిద్దుబాటు అలవాటవుతుంది. అప్పుడు మరమ్మతుకు పిలిచేది తననే. ఏం చూసి మరమ్మతు చేస్తుంది?

"మేడం, పట్టికను నా ప్యాకేజీల కలుపను" అంది. "మీ పట్టికకు మీ పేరు మీద వేరే ప్యాకేజీ కడ్తా. దిద్దే ప్రోగ్రాం ఎక్కాలంటే ముందు మీ పట్టిక ఎక్కాలె అని నా చీటీల రాస్త. సవరణ ఎప్పుడొచ్చినా మీరే రాసి, మీరే కట్టి ఇస్తరు."

"నాకు కట్టనీకి ఒస్తదా?"

"రేపు షట్టర్‌కు రాండ్రి. ఒస్తదో రాదో చూద్దాం."

సుమిత్రమ్మ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "సార్‌కు కోపమొస్తది."

"ఒస్తది."

"నీ ఆర్డర్ పోతే?"

"పోతే పోయిందని జెప్పను మేడం. పోతే నాకు షట్టర్ పోతది. కానీ గీ మూడేండ్ల నాటి పట్టిక పట్టుకొని పోతే సోమవారం కాకుంటే ఇంకో సోమవారం పోతది."

*

ఆదివారం సుమిత్రమ్మ తొమ్మిదింటికే వచ్చింది. నోటుబుక్కు ఎడమవైపు నిలబెట్టి, దానికి జారకుండా స్టాప్లర్ ఆనించి, నడుం నిటారుగా పెట్టుకుని మొదలుపెట్టింది. తెరా చూడదు, మీటలూ చూడదు. కళ్లు నోటుబుక్కు మీదే. రెండువందల పన్నెండు సవరణలూ, వాటి పక్కన కారణాలూ, రెండు గంటల్లో ఎక్కాయి. పక్క షట్టర్‌లో కుర్చీలు లెక్కబెడుతున్న పాండురంగం ఆ చప్పుడు విని తొంగిచూసి, "వాన పడ్తుందనుకున్న" అని వెళ్లిపోయాడు.

అంబిక ఈలోగా చీటీ రాసింది. తర్వాత మార్పుల పత్రం. ఏ సవరణ, ఎవరు చేశారు, ఏ రోజు, ఏ గంటకు. అది రాసి గదిలోకి పంపితే లోపలికే తీసుకోనంది. అంబిక మళ్లీ చూసింది. పేరు సరిగ్గానే ఉంది, తేదీ సరిగ్గానే ఉంది. మళ్లీ పంపింది, మళ్లీ తీసుకోలేదు. ఇరవై నిమిషాలు దానితోనే పోయాయి.

"అసలు నమూనా యాడుంది?" అంది సుమిత్రమ్మ వెనక నుంచి. నమూనా చూసింది. అంబిక రాసింది చూసింది. "మెయిల్ అడ్రసుకు, తారీఖుకు నడుమ రెండు సందులుండాలె. నువ్ ఒక్కటే ఇడిచినవ్. అర తప్పు."

రెండోది కొట్టాక గది తలుపు తెరుచుకుంది.

"ఈ మిషన్ మంచి ఇన్విజిలేటర్" అంది సుమిత్రమ్మ. ఆ మాటతో ఆమెకు ఆ పని మీద గౌరవం కలిగినట్టుంది. అంబికను లేవమని, ఆ కుర్చీలో తను కూర్చుంది. మార్పుల పత్రంలో అంబిక రాసిందంతా చెరిపి మొదటి నుంచి తనే కొట్టింది. పేరు దగ్గర ఒక్క క్షణం వేళ్లు ఆగాయి. "ఇంటిపేరు గూడ రాయాల్నా?"

"మీ ఇష్టం."

ఇంటిపేరుతో సహా రాసింది. ఎన్నడూ ఏమీ వాకబు చేయని మనిషి ఆ మధ్యాహ్నమంతా అడుగుతూనే ఉంది. గది ఎప్పుడు కూలుతుంది, కూలితే కట్టిన ప్యాకేజీ ఎక్కడ మిగులుతుంది, వెర్షన్ సంఖ్య పెంచకుండా సవరణ ఇస్తే ఏమవుతుంది, ఈ పట్టిక తన పేరు మీద ఉంటే ఎవరికైనా ఇవ్వొచ్చా. అంబిక అన్నిటికీ జవాబు చెప్పింది. ఆదేశాలను సుమిత్రమ్మ తన నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. చివరికి, సాయం లేకుండా తనే ఒకసారి కట్టి చూపింది.

నేర్పేటప్పుడు అంబికకు ఒక మాట తట్టకపోలేదు. నాలుగు ఆదేశాలు చేతికిస్తున్నాను, ఇవి వచ్చినవాళ్లకు నాతో పనేమిటి అని. తట్టినా ఆగలేదు. సగం తూచి ఇస్తే కాటాకే చెడ్డపేరు.

*

సోమవారం ఎల్బీనగర్ బ్రాంచిలో చైతన్య ఖాళీ యంత్రం సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. పాతికేళ్లవాడు, మాట తక్కువ. అంబిక ఇచ్చిన రెండు మూలాలు ఎక్కించి, తన గదిలో కట్టాడు. మొదట పట్టిక నిలబడింది. తర్వాత ప్రోగ్రాం నిలబడింది. యంత్రంలోకి ఎక్కించాడు. పరీక్ష పేజీ దిద్దింది. నాలుగు తప్పులు.

"క్లీన్ ఉందక్కా" అన్నాడు. "వార్నింగ్ గూడ ఒక్కటి లేదు. సార్, నా వైపు నుంచి ఓకే."

రామమోహనరావు తృప్తిగా తెర మీదికి వంగాడు. ప్యాకేజీల జాబితాలో రెండు పేర్లు కనిపించాయి. పట్టిక పక్కన సుమిత్రమ్మ పేరు, ఇంటిపేరుతో సహా. ఆయన నిదానంగా నిటారయ్యాడు.

"ఇదేంటమ్మా?"

"పట్టిక ఆమెది సార్. వేరే ప్యాకేజీ. అది లేకుంటే ఇది ఎక్కదు."

"నేనేం రాయమన్నాను?"

"ఇన్‌స్టిట్యూట్ పేరు రాయమన్నరు. ఒంశీకృష్ణను అడిగిన. ఇంటికాడ చేసిన పని అని చెప్పిండు."

రామమోహనరావు గొంతు పెంచే మనిషి కాదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చైతన్యా, ఆ పేరున్న ప్యాకేజీ తీసేసి, మన దగ్గరున్న పాత పట్టిక పెట్టు. నడుస్తుందా?"

"నడుస్తది సార్." చైతన్య మార్చి కట్టాడు. అదే పేజీ దిద్దించాడు. పదకొండు తప్పులు.

ముగ్గురూ తెర వైపు చూశారు. ఒకే అమ్మాయి, ఒకే పేజీ. ఇందాక నాలుగు, ఇప్పుడు పదకొండు.

"ఏది కరెక్టు?" అన్నాడు రామమోహనరావు.

"నాకు తెల్వదు సార్" అన్నాడు చైతన్య. "కట్టుడు చెక్ చేస్త గానీ, టైపింగ్ నాకేం తెలుసు?"

రామమోహనరావు పేజీ చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి చూశాడు, కింది నుంచి పైకి చూశాడు. దిల్‌సుఖ్‌నగర్‌కు ఫోన్ చేసి సుమిత్రమ్మను ఇవ్వమన్నాడు. అవతలి మాట స్పీకర్లో అందరికీ వినబడింది.

"క్లాసుల ఉన్న సార్. పన్నెండున్నరకు ఇడుస్తరు. ఒంటిగంటకు ఒస్తా."

"ఆటోలో వచ్చేయండి, డబ్బులు నేనిస్తాను."

"పిల్లల పరీక్ష నడుస్తుంది సార్. ఒంటిగంటకు."

ఆయన ఎదురుచూశాడు. టీ తెప్పించాడు. ఆ గంటన్నరలో ఆయన మొహంలో లెక్క మారుతుండటం అంబిక గమనించింది. పరీక్షలో పాసైన పిల్లల పేర్లతోనే కదా గోడల మీద ఆయన బోర్డులు నిండేది. పదకొండు తప్పులని చెప్పి మంచి పిల్లను బెదరగొట్టినా, నాలుగని చెప్పి మందమతిని పరీక్షకు పంపినా, నష్టం ఆయనదే. ఆయన చెడ్డవాడు కాదు, వ్యాపారి. వ్యాపారికి కోపం కంటే లెక్క పెద్దది.

సుమిత్రమ్మ మెట్రో దిగి, ఒంటిగంటకు రెండు నిమిషాల ముందు వచ్చింది. పేజీ తీసుకుంది. నిలబడే దిద్దింది. నాలుగు చోట్ల గీతలు పెట్టి, పద్ధతి మారిందని బోర్డు ఇచ్చిన సర్క్యులర్ జిరాక్సు సంచిలోంచి తీసి పక్కన పెట్టింది.

"కూర్చోండి సుమిత్రమ్మగారూ" అన్నాడు రామమోహనరావు. "ఒకటో తారీఖు సంగతి మర్చిపోండి. ఎప్పటిలాగే రండి."

"మర్చిపోతే ఎట్ల సార్? ఒకటో తారీఖు అన్నరు, గట్లనే కానియ్యుండ్రి. శాలువా గూడ కప్పుండ్రి." ఆమె కూర్చుంది. "పట్టిక వాడుకోనీకి ఏడాదికింత, సవరణ ఒచ్చినప్పుడల్లా ఇంత అని కాగితం రాయుండ్రి. కొత్త ప్యాకేజీ నేనే కట్టిస్త."

"మీరు కడతారా?"

"నిన్న నేర్చుకున్న."

రామమోహనరావు అంబిక వైపు చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలు ఉంది, ధర కూడా ఉంది. "నువ్వు తెలివైనదానివమ్మా. నాకంటే బాగా చూశావు. ప్యాకేజీ కట్టినందుకు ఒప్పుకున్నది మొత్తం ఇవాళే ఇచ్చేస్తాను. కానీ మరమ్మతంతా పట్టికలోనే. పట్టిక ఈవిడే కడతారట. మిగతాది చైతన్య చూస్తాడు. మూడేళ్ల కాగితం మనకిక అవసరం లేదు."

అంబిక చూసుకుంది, లెక్క సరిగ్గానే ఉంది. నేర్పింది తనే. సుమిత్రమ్మ అడ్డుచెప్పలేదు. తన కాగితంలో ఒక్కో షరతూ చదివించుకుని, రెండు చోట్ల మార్పించుకుని సంతకం పెట్టింది.

ఇద్దరూ కలిసి మెట్లు దిగారు. ఎల్బీనగర్ కూడలి మధ్యాహ్నపు ఎండలో మోగిపోతోంది. చెరుకురసం బండి దగ్గర సుమిత్రమ్మ ఆగి రెండు గ్లాసులు చెప్పింది.

"నీకు నష్టమైంది" అంది.

"అయింది."

"నా కాగితంల సగం నీకియ్య. ఇస్తే అది దానమైతది, నువ్ తీసుకోవు." ఆమె గ్లాసు అందుకుంది. "నా పట్టిక ఎవలికైనా ఇయ్యొచ్చన్నవ్ గద. దిల్‌సుఖ్‌నగర్ల ఇంకో ఆరు ఇన్‌స్టిట్యూట్లున్నయ్. వనస్థలిపురంల మూడు. పొద్దుగాల ఇద్దరితోని మాట్లాడిన, కావాలన్నరు. కానీ ఒక్కోని కాడ ఒక్కో కాలం నాటి డెబియన్. నిన్న నువ్ కట్టిన గది ఒక్క రకానిదే. పాతవాటికి పాత గదులు కట్టాలె, కొత్తవి ఒచ్చినప్పుడల్లా కొత్త గదులు లేపాలె. గది దొరికితే అండ్ల ప్యాకేజీ కట్టుడు నాకొస్తది. గది కట్టుడు నాకు రాదు. నిన్న నువ్ నేర్పలె."

"మీరు అడగలె" అంది అంబిక.

"అడిగినా నాకొద్దు. ఆ యాతన నాతోని కాదు. గదికింత, ఏడాదికింత. నీ ధర జెప్పు."

అంబిక గ్లాసు పట్టుకునే మనసులో లెక్క కట్టింది. తొమ్మిది ఇన్‌స్టిట్యూట్లు, నాలుగైదు రకాల గదులు, ఏటా వాటిని తాజాగా ఉంచడం. జాలి ధర చెప్పలేదు, ఆశ ధరా చెప్పలేదు. పనికి తగ్గ ధర చెప్పింది.

"ఎక్కువుంది" అంది సుమిత్రమ్మ.

"ఉంది మేడం. తగ్గదు."

సుమిత్రమ్మ రసం తాగడం ముగించి, గ్లాసు బండి మీద బోర్లించి, కొంగుతో మూతి తుడుచుకుంది. "సరే. కాగితం రాసుకొని ఎల్లుండి ఇంటికి రా. చదివినంకనే సంతకం పెడ్త."

ఆమె మెట్రో మెట్ల వైపు పోయింది. అంబిక తండ్రికి ఫోన్ చేసింది.

"బాపు, షట్టర్ ఎవలకూ ఇయ్యకు. ఒకటో తారీఖు నుంచి కిరాయి నేనే కడ్త. గా మొబైల్ కవర్లాయన ఇస్తనన్నంత."

"ఆర్డర్ ఒచ్చిందా?"

"రాలె. గిరాకీ ఒచ్చింది."